పదకొండు రాళ్ల బొమ్మ కోసం

నిజాం ప్రభువు బొమ్మ వెతుక్కుంటూ ఊళ్లు తిరిగి వచ్చానంటే మా గల్లీలో నన్ను ఇప్పటికీ అదోలా చూస్తారు. అప్పటికి పోలీసు చర్యలో నిజాం రాజ్యం పోయి నాలుగు నెలలైనా కాలేదు. ఆ బొమ్మ గోడ మీద ఉన్నవాళ్లంతా దించేసి, దాచేసి, కాల్చేసి, అసలు మా ఇంట్లో ఎన్నడూ లేదని చెబుతున్న రోజులవి. అలాంటప్పుడు భుజాన సంచి వేసుకుని ఆ బొమ్మ కోసం ఊరూరా అడుగుతూ పోయినవాడికి మతి ఉందని ఎవరంటారు? అందుకే ముందు కారణం చెప్పి, ఆ తరువాత దారి పడతాను.

నా పేరు రాజలింగం. నేను రాతి అచ్చు పనివాణ్ని. అఫ్జల్‌గంజ్ వైపు ఒక అచ్చుకూటంలో పధ్నాలుగేళ్లు పనిచేశాను. నున్నగా అరగదీసిన రాతిపలక మీద జిడ్డు కలిసిన కడ్డీతో బొమ్మను తిరగేసి గీస్తాం. పలకను తడిపి సిరా పూస్తే గీత ఉన్నచోట మాత్రమే సిరా అంటుకుంటుంది. దాని మీద కాగితం వేసి ఒత్తితే బొమ్మ దిగుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి.

నా చేతి మీదుగా వచ్చిన వాటిలో గొప్పది ప్రభువు నిలువెత్తు చిత్రం. ఎవరో పెద్ద చిత్రకారుడు తైలవర్ణాల్లో వేసిన పటం అది. మూడు రోజులు దాని ముందు కూర్చుని చూసుకోనిచ్చారు. దాన్ని పదకొండు రాళ్ల మీదికి దించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. కింద అచ్చుకూటం పేరు వేశారు గానీ నా పేరు వేయలేదు. నేనే కత్తి పిడి మీది పూలతీగలో 'రా' అనే అక్షరాన్ని కలిపేశాను. తెలిసినవాడు వెతికితే తప్ప కనబడదు.

తరువాత అచ్చుకూటం మూతబడింది. రాళ్లను ఇసుకతో అరగదీసి వేరేవాళ్లకు అమ్మేశారు. నా దగ్గర ఒకే ఒక్క ప్రతి ఉండేది. మిలిటరీవాళ్లు ఇళ్లు సోదా చేస్తున్నారని పుకారు లేచిన రోజు నా భార్య శాంతమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. అగ్గిపుల్ల గీసి ఇచ్చింది నేనే.

పని లేక నెలలు గడిచాయి. చివరికి సికింద్రాబాదులో కొత్తగా క్యాలెండర్ల అచ్చుకూటం పెట్టిన ఆయన ఒకరు, "నీ చేత్తో చేసిన రంగుల పని ఒక్కటి చూపించు. చూశాక మాట్లాడుకుందాం" అన్నారు. పదిహేను రోజులు ఆగుతానన్నారు. నగరంలో తెలిసినవాళ్లను అడిగితే తలుపులు వేసుకున్నారు. ఆ పటాలు ఎక్కువగా బాలాపూర్, నాదర్‌గుల్ మీదుగా ఇబ్రహీంపట్నం సంతకు పోయేవని మా పాత గుమాస్తా చెప్పాడు. బయలుదేరాను.

బాలాపూర్ దాకా

ఊరి చివర ఇబ్రహీంపట్నం పోయే ఎడ్లబండి దొరికింది. ఉప్పు బస్తాలు, రెండు కిరోసిన్ డబ్బాలు, వాటి మధ్య ఒక ఆడమనిషి, ఆమె చుట్టూ ఖాళీ గంపలు. ఎండుచేపలు పట్నంలో అమ్ముకుని తిరిగి పోతోంది. పేరు ఎల్లమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. గంపలు ఖాళీ అయినా వాసన ఖాళీ కాలేదు.

"ఏం అమ్ముతవన్నా?" అని అడిగింది.

"అమ్మను. ఒక బొమ్మ కొనాలె."

"ఎవరి బొమ్మ?"

చెప్పాను. బండి తోలే ఆయన మెడ తిప్పి నన్నొకసారి చూసి మళ్లీ ఎడ్ల వైపు తిరిగాడు. ఎల్లమ్మ ఒక గంప తీసి మా ఇద్దరి మధ్య పెట్టుకుంది.

"గీ మాట ఇంకోసారి గట్టిగ అనకు. ఒకడు నిన్ను పాత సర్కారోడంటడు. ఇంకొకడు కొత్త సర్కారు పంపిన మనిషంటడు. రెండిట్ల ఏదైనా తన్నులు తప్పయి."

నా సంగతి మొత్తం చెప్పుకున్నాను. రాళ్లు, పదకొండు రంగులు, పొయ్యి, సికింద్రాబాదు. ఆమె వింటూ రేగుపళ్లు నములుతూ గింజలు దారి పక్కకు ఉమ్మేస్తూ ఉంది. అంతా విని, "పిల్లలెందరు?" అంది.

"ఇద్దరు ఆడపిల్లలు."

"అయితే ఎతుకు" అని గంపను మా మధ్య నుంచి తీసేసి, ఒళ్లోని రేగుపళ్లు గుప్పెడు నా చేతిలో పోసింది.

బాలాపూర్‌లో ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఆగాం. ఒక గుడిసె హోటల్లో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం ఒకటిన్నర అణా. మా పట్నం హోటళ్లలో చాయ తాగి సాసరు పక్కన పెడితే చాలు. ఇక్కడ తాగిన కప్పు మనమే కడిగి బోర్లించాలి. నేను కడగకుండా లేచేసరికి ముసలి హోటలాయన, "పట్నపోళ్లకు చేతులు నొస్తయా?" అన్నాడు. సిగ్గుపడి కడిగాను.

పాత పటాలు ఎవరింట్లో ఉంటాయని అడిగితే ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం ఊళ్లో ఒక పెద్ద ఇంటికి పోయాను. వరండాలో కూర్చున్న పెద్దమనిషికి నమస్కారం పెట్టి, పాత పటాలు ఏమైనా ఉంటే కొంటానని మెల్లిగా అన్నాను.

"ఏ పటాలు?"

"ప్రభువుగారిది, నిలబడి ఉన్నది."

"గసొంటిది మా ఇంట్ల ఎన్నడు పెట్టలే" అన్నాడాయన.

ఆయన తల వెనుక గోడంతా పొగచూరి ఉంది. మధ్యలో మాత్రం నిలువుగా ఒక చోటు కొత్త సున్నం వేసినంత తెల్లగా ఉంది. నా పటం కొలత నాకు తెలుసు. సరిగ్గా అంతే ఉంది. పైన మేకు కూడా ఉంది. నేను ఆ చోటును చూడటం ఆయన చూశాడు. "దూపైతె నీళ్లు తాగి పో" అన్నాడు. మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నాదర్‌గుల్ బడి

నాదర్‌గుల్ చేరేసరికి పొద్దు వాలుతోంది. బండి చక్రం సీల సడలిందని, దాన్ని సరిచేయించి మర్నాడు పొద్దున్నే కదులుదామన్నాడు బండాయన. ఎల్లమ్మ తన దగ్గరివాళ్ల ఇంటికి పోయింది. నేను బడి వెతుక్కుంటూ పోయాను. సర్కారు బడుల్లో ఆ పటం తప్పకుండా ఉండేది.

పెంకుల కప్పు కింద ఒకటే గది. పంతులు మదార్ సాబ్ నడివయసు మనిషి. పలచటి గడ్డం, అతుకు వేసిన షేర్వానీ. పిల్లలు పోయాక ఒక్కడే కూర్చుని పలక మీద ఏదో దిద్దుకుంటున్నాడు. ఆయనతో దాచకుండా చెప్పాలనిపించింది. చెప్పాను.

ఆయన నవ్వి గోడ చూపించాడు. గోడకు చట్రం కట్టిన పెద్ద కాగితం వేలాడుతోంది. దాని మీద బొగ్గుతో తెలుగు అక్షరమాల.

"నీవు అడిగింది గదే. అటు తిప్పిన" అన్నాడు.

ఇన్నాళ్లూ ఆ బడి ఉర్దూలో నడిచింది. ఇప్పుడు తెలుగు అక్షరాలు కూడా నేర్పమన్నారు. పుస్తకాలు రాలేదు, పెద్ద కాగితం దొరకలేదు. ప్రభువు పటం వెనుక వైపు తెల్లగా ఉంది కదా అని దాని మీద రాసేశాడు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. ఊళ్లో ఒక కోమటాయన దగ్గర రోజూ సాయంత్రం నాలుగు అక్షరాలు నేర్చుకుని, మర్నాడు పిల్లలకు ఆ నాలుగూ చెబుతాడట.

"పిల్లల కంటె ఒక్క దినం ముందున్న. అంతే" అన్నాడు.

పటాన్ని ఒకసారి తిప్పి చూస్తానన్నాను. దించబోతే పాతబడిన తాడు తెగి చట్రం నా కాలి బొటనవేలి మీద పడింది. కుంటుతూనే తిప్పి చూశాను. అది నాది కాదు. వేరే ఊళ్లో నాలుగు రంగుల్లో వేసింది. ముఖంలో నీడలు లేవు, కత్తి పిడి మీద తీగ లేదు. ఇద్దరం కలిసి కొత్త తాడు కట్టి, అక్షరాలు బయటికి వచ్చేలా మళ్లీ వేలాడదీశాం.

అప్పుడే కనబడింది, 'ళ'ను ఆయన తిరగేసి రాశాడు. పధ్నాలుగేళ్లు అన్నీ తిరగేసి గీసినవాణ్ని, నాకు ముందు అది సరిగ్గానే ఉన్నట్టనిపించింది. చెబితే ఇద్దరం నవ్వుకున్నాం. నా సంచిలో పనివాడి కడ్డీలు ఎప్పుడూ ఉంటాయి. చీకటి పడేలోగా అక్షరమాల మొత్తం ఒత్తుగా, పెద్దగా దిద్ది ఇచ్చాను. ఆయన ఇంట్లో ఉలవచారు, వేడి అన్నం పెట్టారు. వాళ్ల ఇంట్లో ముందు అతిథి చేయి కడిగించి, అతను మొదటి ముద్ద తిన్నాకే తక్కినవాళ్లు తింటారు. నా కోసం ఆయన తల్లి కూడా ముద్ద పట్టుకుని ఆగి ఉండటం చూసి గబగబా నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాను.

దారిలో చౌకీ

మర్నాడు పొద్దున ఇబ్రహీంపట్నం ఇంకా మూడు మైళ్లుందనగా మిలిటరీ చౌకీ దగ్గర బండి ఆపారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఎర్రజెండా దళాలు తిరుగుతున్నాయని సోదాలు గట్టిగా ఉన్నాయి. హవల్దారు ఉత్తరాది మనిషి, హిందీ తప్ప రాదు. నా సంచి విప్పి కడ్డీలు బయటికి తీశాడు. నల్లవి ఆరు, ఎర్రవి రెండు. ఎర్రవి పట్టుకుని వాసన చూశాడు.

"గోడల మీద రాసేది నువ్వేనా?" అన్నాడు.

బొమ్మలు గీసేవాణ్నని ఉర్దూలో చెప్పాను. అతను నమ్మలేదు. ఎల్లమ్మ బండిలోంచే అందుకుంది.

"గాయన గోడల మీద ఏం రాస్తడు సారూ, రేగుపండు గింజ ఉమ్మడానికే భయపడుతడు."

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆమె గొంతు విని ఒక జవాను నవ్వాడు. హవల్దారు ఒక కాగితం నా ముందు పెట్టి, "అయితే గీయి, నన్ను గీయి" అని ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఎన్నడూ గీయలేదు. గీసిన పటాన్ని చూసి గీయడమే నా పని. ఎలాగో పూర్తి చేశాను. చూసుకుంటే మీసాలు అతనివే, భుజాలు మాత్రం ప్రభువువి. పెట్టె మీద కూర్చున్నవాడు నా కాగితం మీద నిలబడి ఉన్నాడు. ఆ తీరూ, ఎత్తిన గడ్డమూ అన్నీ ఆ పటంలోవే.

హవల్దారు చాలాసేపు చూసుకున్నాడు. "నేను ఇంత వెడల్పు ఉండను" అన్నాడు. ఆ తరువాత మెల్లిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి పంపుతాడట. నల్ల కడ్డీలు ఇచ్చేసి, ఎర్రవి రెండూ ఉంచేసుకుని బండి వదిలాడు.

కొంత దూరం పోయాక ఎల్లమ్మ, "నువ్వు ఎతికే బొమ్మ మా వాడల ఉన్నది" అంది.

"మరి నిన్ననే ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఎసొంటి మనిషివో జర చూడాలె గద."

బెస్తవాడ

ఇబ్రహీంపట్నం చెరువు చూడనివాళ్లకు చెప్పడం కష్టం. మా హుస్సేన్‌సాగర్‌కు ఒడ్డున రోడ్డు, షికారు జనం ఉంటారు. ఇక్కడ ఒడ్డున ఉండేవి తుంగ, ఆరేసిన వలలు, కొంగలు. కట్ట దిగితే బెస్తవాళ్ల వాడ. తాటాకు ఇళ్లు. గుమ్మాలు ఎంత పొట్టివంటే నడుం వంచకుండా ఎవరూ లోపలికి పోలేరు. రెండు రోజుల్లో నేను మూడుసార్లు తల కొట్టుకున్నాను.

ఎల్లమ్మ నన్ను సాయమ్మ అనే ముసలావిడ ఇంటికి తీసుకుపోయింది. సాయమ్మకు ఒక కోడలు నర్సమ్మ, మూడేళ్ల మనవరాలు. కొడుకు పోచయ్య ఆరు నెలల కిందట పోయాడు. ఎల్లమ్మ చెవిలో ఏదో చెప్పాక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. జొన్నల గుమ్మి వెనుక నుంచి పాత చీరలో చుట్టిన కాగితం తెచ్చి నులకమంచం మీద విప్పింది.

చూడగానే తెలిసింది. ప్రభువు వెనుక ఉన్న తెర మీది ఎరుపును నేను రెండు రాళ్ల మీద వేసి తెచ్చాను, అది ఇంకెవరికీ రాదు. అయినా వంగి కత్తి పిడి వెతికాను. తీగలో 'రా' ఉంది. నాలుగు మూలలా మేకు రంధ్రాలు, కుడి వైపు కింది మూల మీద తెల్లగా ఒక మరక. అంతకు మించి ఏ నలుగుడూ లేదు.

"అమ్మా, ఇది నేను చేసిన పని" అన్నాను. "నాకు ఇస్తవా?"

"ఇయ్య" అంది సాయమ్మ.

ఎందుకో తరువాత చెప్పింది. పోయిన వానకాలంలో ప్రభువు పక్షంవాళ్లు ఊళ్ల మీద దాడులు చేస్తున్నప్పుడు, ఈ పటం ఉన్న ఇంటి జోలికి రారని ఎవరో అంటే పోచయ్య చేపలమ్మిన పైసలతో సంతలో కొన్నాడు. ఆకుకు సున్నం రాసుకుంటూ వచ్చి, అదే చేత్తో పట్టుకుని మేకులు కొట్టాడు. మూల మీది తెల్ల మరక అతని బొటనవేలిది.

"కొన్నడు గని బొమ్మను నమ్మి ఇంట్ల కూసోలే" అంది ఎల్లమ్మ. "తెల్లారంగ గుర్రాల చప్పుడు వినవడ్డది. తెప్ప తీసిండు. ఆడోళ్లను, పిల్లలను ఎక్కించి చెరువు అవతలికి దాటించిండు. నాలుగుసార్లు. నేను మూడో తెప్పల ఉన్న. జాగ సాలదని తాను ఎక్కలే, నీళ్లల్ల ఈదుకుంట తోసిండు. పొద్దుమూకే దాక వానల, తుంగల ఉన్నడు. జరం పట్టుకున్నది. తొమ్మిది దినాలకు పాయె."

వాడలో ఒక్క ప్రాణం పోలేదు, అతనిది తప్ప.

"దొర బొమ్మని దాసుకోలే" అంది సాయమ్మ. "వాని చెయ్యి దాని మీద ఉన్నది."

ఇక అడగలేకపోయాను. సంచి తీసుకుని లేస్తుంటే అప్పటిదాకా పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి కూర్చున్న నర్సమ్మ మాట్లాడింది. మొగుడి పేరు ఆమె నోట రాదు. మా పట్నంలోనూ ఆ ఆచారం ఉంది గానీ, పోయిన మనిషి పేరు కూడా పలకనంత గట్టిగా లేదు.

"అన్నా, దారిల మిలిటరాయన్ని గీసినవంట. బిడ్డ తండ్రిని గీస్తవా? ఫొటో లేదు మాకు. బిడ్డకు మూడేండ్లు. ఇంకో ఏడు పోతే మొకం మర్చిపోతది." పొయ్యిలో పుల్ల ఎగదోసి అంది, "దానిది అట్లుండనీ. నిన్నమొన్నటి దాక కండ్లు మూసుకుంటె కనవడుతుండె. గిప్పుడు నాకే సరిగ కనవడుతలేడు."

చూడని మనిషిని ఎలా గీస్తాను? నా చేతకాదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆమె నా వైపు చూస్తూ ఉంది. "చేస్తానమ్మా" అన్నాను.

ముక్కు గురించి తగువు

మధ్యాహ్నానికి వాకిట్లో పదిమంది చేరారు. అందరూ ఆ తెప్ప ఎక్కినవాళ్లే. నేను మధ్యలో చాప మీద కూర్చుని గీస్తుంటే తలా ఒక మాట.

"ముక్కు గట్ల లేదు, జర సప్పిడి."

"ఎవ్వరు చెప్పిండ్రు సప్పిడని? కోటేరు ముక్కు."

"మీసం గింతనే. ఉన్నదా లేదా అన్నట్టు."

"పన్ను మీద పన్ను ఉండె, ఎడమ దిక్కు."

"వాడు నవ్వితె గద పన్ను కనవడేది."

చెప్పినదంతా పెట్టాను. సాయంత్రానికి ఒక ముఖం తయారైంది. సాయమ్మ చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసింది.

"వీడెవడో దొర. నా కొడుక్కు గింత మెడ ఎక్కడిది" అని తిరిగి ఇచ్చేసింది.

ఆమె మాట నిజం. ఏడు నెలలు ఒకే మనిషిని గీసిన చేయి ఇది. ఏ ముక్కు పెట్టినా, ఏ మీసం పెట్టినా మెడ నిటారుగా, చూపు అందరికీ పైనుంచి వస్తోంది. ఇంకో రెండు కాగితాలు పాడుచేశాను. నర్సమ్మ కొర్రమీను పులుసు, జొన్నగటక పెట్టింది. పులుసులో చింతపండు, మెంతులు, వెల్లుల్లి తప్ప ఏమీ వేయరు. మా ఇళ్లలో కొబ్బరి, గసాలు వేసి చేప రుచి చంపుతామని ఆ రోజే తెలిసింది. అంత మంచి పులుసైనా, తిన్న ఇంటికి ఏమీ చేయలేకపోతున్నానని మారు వడ్డించుకోలేదు.

కట్ట మీద

మూడో రోజు పొద్దున్నే కట్ట మీదికి పోయి కూర్చున్నాను. మగవాళ్లు వలలు లాగుతున్నారు. తడిసిన వల బరువు నాకు తెలియదు. వాళ్లు దాన్ని ఎడమ భుజాన వేసుకుని నడుస్తుంటే ఆ భుజం కుంగి తల కుడివైపుకు వాలుతోంది. బరువు దించాక కూడా తల అలాగే ఉంటోంది. వాడలో ప్రతి మగవాడి మెడా అంతే. ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతుంటే అందరూ ఒక కన్ను సగం మూసుకునే చూస్తున్నారు.

లేచి సాయమ్మ ఇంటికి పోయాను. ముక్కు, మీసం అడగలేదు. "ఇంటికి వచ్చినప్పుడు మొదలు ఏం చేస్తుండె?" అని అడిగాను.

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"వల గోడకేసి గుమ్మం కాడ నిలవడుతడు" అంది నర్సమ్మ. "వంగి లోపలికి చూస్తడు, బిడ్డ నిద్రవోయిందా లేచిందా అని. నొసటి మీది నీళ్లు మోచేతితోని తుడ్సుకుంటడు. చేతులకు చాపల జిగట ఉంటది గద."

"తుడ్సుకునేటప్పుడు నవ్వుతడు" అంది సాయమ్మ. "ఎందుకో ఏమో."

అదే గీశాను. పొట్టి గుమ్మం, దానిలోకి వంగుతున్న మనిషి, కుంగిన భుజం, నుదుటికి పోతున్న మోచేయి, దాని కింద సగం మూసిన కన్ను, పన్ను మీద పన్ను. పటాలను చూసి గీసేటప్పుడు ప్రతి గీతా కొలుచుకుంటాను. ఆ పొద్దున కొలత చూసుకోలేదు. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి అయిపోయింది.

సాయమ్మకు ఇచ్చాను. ఆమె చూసింది. చాలాసేపు చూసింది. తరువాత మామూలు గొంతుతో, పక్కన ఉన్న మనిషితో అన్నట్టు అంది.

"జర వంగు బిడ్డా, తలకు తగుల్తది."

ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. నర్సమ్మ కాగితం అందుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "గిట్లనే ఉండె" అంది. "అవ్, గిట్లనే." పిల్లను ఎత్తుకుని చూపించింది. పిల్ల వేలు పెట్టి, "నాయిన" అంది. వెంటనే, "చాప తెచ్చిండా?" అని అడిగింది.

సాయమ్మ లోపలికి పోయి పటం తెచ్చింది, ఇంకో చేతిలో చేపలు కోసే కత్తి. పటాన్ని మంచం మీద పరిచి కుడివైపు కింది మూలను, ఆ సున్నపు వేలిముద్ర ఉన్నంత మేర, కోసేసింది. నా పదకొండు రాళ్ల పని మీద కత్తి నడుస్తుంటే కళ్లు మూసుకుందామనుకుని మూసుకోలేదు. ఆమె చేయి వంకర పోలేదు. ఆ ముక్కను కొంగున ముడి వేసుకుని తక్కిన పటం నా చేతిలో పెట్టింది.

"దొరను నువ్వు తీస్కపో. నీ బిడ్డలకు బువ్వ పెడితే మంచిదే గద."

సికింద్రాబాదు

వచ్చేటప్పుడు చౌకీ దగ్గర ఆపలేదు. చుట్ట చుట్టిన పటాన్ని, మళ్లీ చేపలమ్మడానికి నాతోపాటే పట్నం బయలుదేరిన ఎల్లమ్మ తన గంపలో ఎండుచేపల కింద పెట్టింది. మూడు రోజులు మా ఇంటి దండెం మీద ఆరేసినా వాసన పోలేదు.

సికింద్రాబాదు యజమాని భూతద్దం పెట్టి గంటసేపు చూశాడు. రంగులు లెక్కపెట్టాడు. కత్తి పిడిలో అక్షరం చూపిస్తే తల ఊపాడు. తరువాత ముక్కు ఎగబీల్చి, "చేపల వాసన ఏమిటి? ఈ మూల ఏమైంది?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. తొందరగా చెప్పి ముగిద్దామనుకున్నాను గానీ ఆయన కూర్చోమన్నాడు. మొత్తం విన్నాడు.

"సోమవారం రా" అన్నాడు.

ఆ సోమవారం నుంచి పనిలో ఉన్నాను. శాంతమ్మ పటాన్ని మా ఇంట్లో గోడకు పెట్టనివ్వలేదు. పెట్టె అడుగున ఉంది. నాకూ పెట్టాలనిపించలేదు.

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున ఎల్లమ్మ మా గల్లీ వెతుక్కుంటూ వచ్చింది. నెత్తి మీద గంప, వెనుక ఒక ముసలాయన. ఆయనది ఇబ్రహీంపట్నం అవతలి ఊరు. చేతికర్ర పట్టుకుని చాలా దూరం నడిచినట్టు కాళ్లనిండా దుమ్ము.

"ఈయన కొడుకు గూడ ఆ వానల్లనే పాయె" అంది ఎల్లమ్మ. "సాయమ్మ ఇంట్ల బొమ్మ చూసిండు. ఇంక ఊకుంట లేడు."

ముసలాయన గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే కాళ్లకు దుమ్మన్నాడు. శాంతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను కాగితం పరిచి కడ్డీ తీసుకున్నాను.

"చెప్పు బాపూ" అన్నాను. "పిలగాడు ఇంటికి వచ్చినప్పుడు మొదలు ఏం చేస్తుండె?"